అరికాలి పులిపిర్లు: తొందరపడి కోయకండి

(స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



ముఖం మీద చిన్న మొటిమ లేస్తే రోజుకు పదిసార్లు అద్దంలో చూసుకుంటాం. తలలో ఒక్క తెల్ల వెంట్రుక కనబడితే దిగులుపడతాం. కాని మన బరువంతా మోసే అరికాలిని ఆఖరిసారి ఎప్పుడు చూసుకున్నామో చెప్పమంటే చాలామందిమి చెప్పలేం. శుక్రవారం నాడు కాళ్ళకు పసుపు రాసుకుంటాం, అదీ పైపైనే. పేరంటానికి వచ్చిన ముత్తయిదువల పాదాలకు పసుపు రాస్తాం, అదీ అంచుల వరకే. అరికాలు ఎలా ఉందో ఎవరూ తిప్పి చూడరు. నొప్పి పుట్టి కుంటడం మొదలుపెట్టాకే అది జ్ఞాపకం వస్తుంది.

ఇవాళ అరికాళ్ళలో వచ్చే పులిపిర్లను గురించి నాలుగు మాటలు చెబుతాను. నేను డాక్టరును కాను. పదో తరగతితో చదువు ఆగిపోయిన గృహిణిని. అయితే ఈ విషయంలో చెయ్యగూడని పొరపాట్లన్నీ మా ఇంట్లో వరసగా చేశాం. ఆ తరువాతనే డాక్టరుగారి ముందు కూర్చుని బుద్ధిగా విన్నాం. మా పొరపాటు మీ ఇంట్లో జరగకూడదనే ఈ ప్రసంగం.

మా పుట్టిల్లు బూర్గంపాడు దగ్గర అడవి అంచున ఒక చిన్న ఊరు. మేముండేది ఖమ్మంలో. ఎండాకాలం సెలవులు ఇచ్చారంటే పిల్లలు కొత్తగూడెం, పాల్వంచ మీదుగా బస్సెక్కి అమ్మమ్మ దగ్గరికి చేరవలసిందే. అది తునికాకు కోసే కాలం. తెల్లవారకముందే ఊళ్ళో ఆడవాళ్ళు ఆకుకు బయలుదేరుతారు. వాళ్ళ పిల్లలతోపాటు మా చిన్నమ్మాయి కూడా చెప్పులు అరుగు మీద వదిలేసి తిరిగేది. మధ్యాహ్నం అందరూ కలిసి బోరింగు గట్టు మీద స్నానాలు. ఆ తడి సిమెంటు గట్టు మీద ఇరవై జతల కాళ్ళు. అప్పుడు నేనేమీ అనుకోలేదు. మేమూ అలాగే పెరిగాం కదా!

శ్రావణమాసం వచ్చేసరికి అమ్మాయి కాలు ఒక పక్కకు వేసి నడుస్తోంది. అప్పటికి బళ్ళో ఖోఖో జట్టులోకి తీసుకున్నారు. నెలరోజుల్లో పోటీలు.

"ఏందే, కాలు అట్లా వేస్తున్నావు?" అని అడిగితే, "ఏం లేదమ్మా, అరికాల్లో రాయి ఉన్నట్టుంది" అంది.

చూస్తే వేళ్ళ కింద, బరువు ఆనేచోట, కందిగింజంత గట్టి మచ్చ. పక్కన ఇంకా చిన్నవి రెండు.

అప్పుడు మా అమ్మ మా దగ్గరే ఉంది. "అడవిలో తిరిగింది గదా, తుమ్మముల్లో రేగుముల్లో విరిగి ఉంటది" అని పిన్నీసు కాల్చి తవ్వింది. ముల్లు రాలేదు గాని నెత్తురు వచ్చింది. మర్నాడు పక్కింటావిడ చూసి, "ముల్లు కాదు వదినా, ఇది ఆనె. స్నానం చేయించాక మెత్తబడుతుంది, బ్లేడుతో పైపొర చెక్కెయ్యండి" అంది. చెక్కాను. లోపల నల్లటి చుక్కలు కనిపించాయి. "అవిగో వేర్లు, అవి పెకలిస్తేగాని పోదు" అన్నారు. చెక్కినకొద్దీ నెత్తురు కారింది. పదిహేను రోజులకు మూడు కాస్తా ఏడయ్యాయి.

ఇక మిగిలింది నల్లజీడి. మా అడవి ఊళ్ళలో ఇది అందరికీ తెలిసిన గింజ. చాకళ్ళు బట్టలకు చెరగని గుర్తు పెట్టేది దీని రసంతోనే. సూదికి గుచ్చి దీపం మీద కాల్చి, కారిన నూనెను పులిపిరికి అంటిస్తే మాడి ఊడిపోతుందని పెద్దలు చెప్పేవారు. ఆ పనీ చేశాను. రాత్రంతా పిల్ల మంటతో ఏడ్చింది. తెల్లవారేసరికి రూపాయి బిళ్ళంత బొబ్బ. మడమ దాకా దద్దురు, వాపు. వారంరోజులు బడి లేదు. ఖోఖో పోటీలు కిటికీలోంచి వెళ్ళిపోతున్న బస్సుగా చూసింది. ఎవరు ఏ సలహా ఇచ్చినా, జీడి పెట్టిన చెయ్యి నాది. అందుకని ఎవరినీ తప్పు పట్టను.

చివరికి చర్మవ్యాధుల డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళాం. ఆమె ముందు బొబ్బకు వైద్యం చేసింది. ఆ తరువాత భూతద్దం పెట్టి చూసి, "ఇవి ముళ్ళూ కాదు, ఆనెలూ కాదు, పులిపిర్లు" అంది. వెంటనే నా చెయ్యి పట్టుకుని చూసింది. నా కుడి చూపుడువేలి గోరు పక్కన కూడా ఒకటి మొలిచింది! బ్లేడు పట్టిన వేలు అది. ఇంట్లో మా అబ్బాయి కాలు చూస్తే వాడికీ ఒకటి.

మూడింటికీ తేడా ఆమె చెప్పినట్టే మీకు చెబుతాను. ఆనె ఒరుసుకునే చోట, బరువు పడే చోట వస్తుంది. చెప్పు బిగుతైనా, ఎముక పొడుచుకు వచ్చినా అక్కడి చర్మం తనను తాను కాపాడుకోవడానికి గట్టిపడుతుంది. దానిమీద మన చర్మపు సన్నటి గీతలు అలాగే సాగిపోతాయి. పైనుంచి నొక్కితే నొప్పి. పులిపిరి మీదికి వచ్చేసరికి ఆ గీతలు తెగి, పక్కనుంచి చుట్టుకుని పోతాయి. రెండు వేళ్ళతో పక్కలనుంచి గిల్లినట్టు పట్టుకుంటే ఎక్కువ నొప్పి పుడుతుంది. పైపొర అరిగితే నల్లటి చుక్కలు కనిపిస్తాయి. ముల్లయితే గుచ్చుకున్న రోజు సాధారణంగా గుర్తుంటుంది. తొందరగా ఎర్రబడి చీము పట్టవచ్చు. పులిపిరి మాత్రం చడీచప్పుడూ లేకుండా నెలల తరబడి పెరుగుతుంది.

ఆ నల్ల చుక్కలు వేర్లు కావు. పులిపిరిలోకి పెరిగిన సన్నటి రక్తనాళాల్లో నెత్తురు గడ్డకట్టి అలా కనిపిస్తుంది. పులిపిరికి వేరే లేదు. అది చర్మం పైపొరలోనే ఉంటుంది. మన బరువు పైనుంచి నొక్కుతుంది కాబట్టి బయటికి పెరగలేక లోపలికి అణిగి ఉంటుంది, అంతే. లేని వేరు కోసం నేను పిల్ల కాలును చెక్కాను!

పులిపిరికి కారణం ఒక వైరస్. పేరు హ్యూమన్ పాపిలోమా వైరస్. 1907లోనే ఇటలీలో చుఫో అనే డాక్టరు పులిపిరిని నూరి, సూక్ష్మజీవులు కూడా దాటలేని వడపోతలో వడగట్టి, ఆ రసాన్ని తన ఒంటిమీదనే ఎక్కించుకున్నాడు. అక్కడ పులిపిర్లు మొలిచాయి. అలా దీనికి కారణం వైరస్ అని తెలిసింది. ఈ వైరస్‌లో రెండువందలకు పైగా రకాలున్నాయి. అరికాళ్ళకు వచ్చేవి ఎక్కువగా 1, 2, 4, 27, 57 నంబర్ల రకాలు. గర్భాశయ ముఖద్వార కాన్సరుకు ముఖ్యకారణమైన 16, 18 రకాలు వేరు. పేరు ఒకటే విని భయపడవద్దు. కాలి పులిపిరి ఆ కాన్సరుగా మారదు. ఆ కాన్సరు రాకుండా ఆడపిల్లలకు 9 నుంచి 14 ఏళ్ళ మధ్య వేయించే టీకా ఉంది. దాని సంగతి మీ డాక్టరును తప్పకుండా అడగండి. అయితే ఆ టీకా కాలి పులిపిర్ల కోసం ఉద్దేశించినది కాదు.

ఈ వైరస్ మామూలు గట్టి చర్మంలోంచి దూరలేదు. చిన్న గీత, పగులు, నీళ్ళలో నాని మెత్తబడ్డ చోటు కావాలి. అడవిలో గీసుకుపోయిన కాళ్ళతో తడి గట్టు మీద నిలబడటం దానికి దారి చూపించడమే. అంటుకున్న తరువాత పైకి కనిపించడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. వేసవిలో అంటింది శ్రావణంలో బయటపడటం అందుకే.

ఇక వైద్యం. డాక్టరమ్మ మొదట చెప్పిన మాట నన్ను ఆశ్చర్యపరిచింది. "ఏ మందూ వెయ్యకపోయినా పిల్లల్లో చాలావరకు ఇవి తమంతట తామే పోతాయి" అంది. సుమారు సగంమందికి ఏడాదిలోనూ, మూడింట రెండువంతుల మందికి రెండేళ్ళలోనూ పోతాయట. శరీరం ఆ వైరస్‌ను గుర్తుపట్టి తరిమేస్తుంది. పెద్దవాళ్ళలో ఆలస్యమవుతుంది. నొప్పి లేకపోతే, పెరగకపోతే, ఓపిక పట్టడమూ ఒక వైద్యమే.

ఇది విన్నాక నాకు చిన్నప్పటినుంచి ఉన్న ఒక సందేహం తీరింది. ఒకరికి జిల్లేడుపాలతో పోయిందంటారు, ఒకరికి సున్నం సోడాతో పోయిందంటారు, ఇంకొకరికి తీపి మాత్రలతో, మరొకరికి భద్రాద్రి రాముడికి మొక్కుకుంటే పోయిందంటారు. అందరూ నిజమే చెబుతున్నారు. పోయే వేళకు ఏది చేస్తుంటే దానికే పేరు వచ్చింది. మొక్కుకుంటే కాలికి నష్టమేమీ లేదు. జిల్లేడుపాలు, సున్నం సోడా, నల్లజీడి మాత్రం పులిపిరినీ మంచి చర్మాన్నీ ఒకేలాగా కాలుస్తాయి. అరికాల్లో మచ్చపడి గట్టిపడితే పులిపిరి పోయినా ఆ మచ్చ నొప్పి జీవితాంతం ఉండవచ్చు.

నొప్పిగా ఉంటే, నడక చెడిపోతుంటే మందు వెయ్యాలి. ఇంట్లో వేసుకోగలిగింది సాలిసిలిక్ ఆమ్లం. మందుల దుకాణంలో లాక్టిక్ ఆమ్లంతో కలిపి చిన్న సీసాల్లో దొరుకుతుంది. ఇది గట్టిపడ్డ చర్మాన్ని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. మా అమ్మాయి బొబ్బ పూర్తిగా మానాక మేము వాడిన పద్ధతి ఇది.

రాత్రి పడుకోబోయే ముందు కాలును గోరువెచ్చని నీళ్ళలో అయిదు నుంచి పది నిమిషాలు నాననివ్వాలి. బాగా తుడవాలి. తెల్లగా నానిన పైపొరను గోళ్ళు రుద్దుకునే గరుకు అట్టముక్కతో మెల్లిగా రుద్దాలి. నెత్తురు కనిపించేదాకా రుద్దకూడదు. ఆ అట్టముక్క దానికే ప్రత్యేకం. దాంతో మళ్ళీ గోళ్ళు రుద్దుకోరాదు. పులిపిరి చుట్టూ మంచి చర్మానికి వేజలైన్ రాయాలి. పులిపిరి మీద మాత్రమే మందు చుక్క వేసి, ఆరాక ప్లాస్టరు పట్టీ అంటించాలి. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. చురచుర ఎక్కువైనా, పుండు పడినా రెండు మూడు రోజులు ఆపాలి. ఇలా పన్నెండు వారాలదాకా రోజూ చెయ్యాలి. నాలుగు రోజులు వేసి "గుణం లేదు" అని సీసా పారేసే మనబోటివాళ్ళకు ఇదే అసలు కష్టం.

ఈ మందు ముఖం మీద గాని, మర్మస్థానాల్లో గాని వెయ్యకూడదు. గర్భవతులు డాక్టరును అడిగే వాడాలి. చక్కెరవ్యాధి ఉన్నవాళ్ళు, కాళ్ళు తిమ్మిరెక్కేవాళ్ళు ఇంట్లో అసలు వాడకూడదు. అంగడిలో ఆనెలకని అమ్మే మందుపట్టీలలోనూ ఇదే ఆమ్లం, ఇంకా ఘాటుగా ఉంటుంది. దానికీ ఇదే జాగ్రత్త.

ఆసుపత్రిలో నైట్రోజన్ ద్రవంతో పులిపిరిని గడ్డకట్టించే పద్ధతి కూడా ఉంది. సున్నాకు 196 డిగ్రీల దిగువ చలి అది. రెండు మూడు వారాలకొకసారి పెడతారు. నొప్పి ఉంటుంది, బొబ్బ రావచ్చు. ఖరీదైన పద్ధతి గనక తప్పకుండా పోతుందని అనుకోకండి. 2011లో వెలువడిన ఒక బ్రిటిష్ అధ్యయనంలో 240 మందిని రెండు జట్లు చేసి చూశారు. ఒక జట్టుకు ఘాటైన సాలిసిలిక్ ఆమ్లం, ఇంకో జట్టుకు చలివైద్యం. పన్నెండు వారాలకు రెండు జట్లలోనూ పూర్తిగా పోయింది నూటికి 14 మందికే! అంటే చవక సీసా ఖరీదు వైద్యానికి తీసిపోలేదు, ఏదీ మంత్రంలా పని చెయ్యనూ లేదు. కరెంటుతో కాల్చడం, కోసి తియ్యడం అరికాలికి తేలిగ్గా ఒప్పుకోవలసినవి కావు. మచ్చ మిగులుతుంది, పులిపిరి మళ్ళీ రావచ్చు కూడా.

రాకుండా ఏం చెయ్యాలి? మీ స్నానాలగదిలో కాళ్ళు రుద్దుకునే రాయో ఇటుకముక్కో ఉంటుంది. ఇంటిల్లిపాదికీ అదొక్కటే. మా ఇంట్లో అమ్మాయి కాలు నుంచి అబ్బాయి కాలికి ఆ రాయే దారి అయి ఉంటుందని డాక్టరమ్మ అంది. ఎవరి రాయి వారికి పెట్టండి. కాళ్ళు తుడుచుకునే తువాలు కూడా అంతే. పులిపిరి ఉన్నవాళ్ళ చెప్పులు, మేజోళ్ళు ఇంకొకరు వేసుకోకూడదు. పులిపిరిని గిల్లకూడదు, కొరకకూడదు.

పదిమంది స్నానం చేసేచోట కాళ్ళకు రబ్బరు చెప్పులుండాలి. హాస్టళ్ళు, ఆశ్రమ పాఠశాలలు, గని దిగి వచ్చినవాళ్ళు స్నానం చేసే గదులు, భద్రాచలం స్నానఘట్టాల మెట్లు, అన్నీ అంతే. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు మావైపు ఎన్నో కుటుంబాలు రోజుల తరబడి శిబిరాల్లో, తడిలో గడిపాయి. అలాంటప్పుడు చెప్పుల జత మందుసీసాతో సమానం. పిల్లను హాస్టలుకు పంపేటప్పుడు పచ్చడి జాడీతోపాటు స్నానానికి వేరే రబ్బరు చెప్పులు కూడా పెట్టండి. చెప్పులు లేకుండా నడిచే దీక్ష పట్టినవాళ్ళు రాత్రి కాళ్ళు కడిగి, వేళ్ళసందులు పొడిగా తుడిచి, పగుళ్ళకు వేజలైనో కొబ్బరినూనో రాసుకోవాలి. అడుగు అంటే మన ఇంట్లో గిన్నెలు తోమే అమ్మాయి అడుగు కూడా. పొద్దస్తమానం తడిలో నిలబడేది ఆమే. మన పిల్లల కాళ్ళు చూసిన రోజున ఆమెవీ చూడండి. ఒక జత చెప్పులు కొనివ్వండి.

ఇక చివరి సంగతి. ఆరోజు డాక్టరమ్మ మా అమ్మను కూడా, "అమ్మగారూ, మీ కాళ్ళేవీ?" అని అడిగింది. అమ్మ చీర అంచు కిందికి లాక్కుని, "నాకేం లేవమ్మా, ముసలికాళ్ళు" అంది. నేనూ ఊరుకున్నాను. వారం తరువాత ఇల్లు తుడుస్తుంటే గచ్చు మీద చెమ్మటి మరకలు కనిపించాయి. అమ్మ అడుగుల వెంటే. కూర్చోబెట్టి బలవంతాన కాలు తిప్పి చూశాను. బొటనవేలి కింద పాత ఆనె, దాని నడుమ చిన్న గుంట, లోపల చీము.

"ఎప్పటినుంచే అమ్మా?"

"నేనూ నీ బ్లేడుతోనే చెక్కుకున్నానే. నొప్పి లేదు గదా, చెప్పేదేముంది?"

ఎనిమిదేళ్ళుగా అమ్మకు చక్కెరవ్యాధి. కాళ్ళలో స్పర్శ తగ్గిపోయింది. నొప్పి లేదు అంటే జబ్బు లేదు అనుకుంది. ఆ పూటే పరుగెత్తాం. ఇంకొన్నాళ్ళు ఆగితే వేలు తియ్యవలసి వచ్చేదన్నారు. రెండున్నర నెలలు కట్లు కట్టించుకున్నాక మానింది. ఇప్పుడు మెత్తటి అడుగున్న చెప్పులతోనే ఇంట్లో కూడా తిరుగుతుంది.

అందుకే చెబుతున్నాను. నొప్పి పెట్టే పులిపిరి కంటె నొప్పి లేని పుండు ప్రమాదం. అది చక్కెరవ్యాధి వల్ల కావచ్చు, కుష్టు వల్ల కావచ్చు. కుష్టుకు ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందు ఉచితం, పూర్తిగా నయమవుతుంది కూడా. స్పర్శ తెలియని మచ్చ, మానని పుండు, రంగు మారుతూ పెరిగే నల్లమచ్చ, ఊరికే నెత్తురు కారే కంతి, వీటిలో ఏది కనిపించినా ఇంటివైద్యం మాట తలపెట్టకండి. కొన్ని నల్లమచ్చలు అరికాల్లో వచ్చే చర్మపు కాన్సరు కూడా కావచ్చు.

మా అమ్మాయి పులిపిర్లు మూడోనెల చివర ఒక్కొక్కటే పోయాయి. మందు వల్లనో, వాటి కాలం తీరిందో నేను చెప్పలేను. నా వేలిది ఇంకొన్నాళ్ళు ఉండి తనంతట తానే పోయింది. మరుసటి ఏడు అమ్మాయి ఖోఖో ఆడింది. సెలవులకు ఇప్పుడూ అమ్మమ్మ ఊరికే వెళుతుంది, చెప్పులతో.

ఇప్పుడు మా ఇంట్లో శుక్రవారం కాళ్ళకు పసుపు రాసుకునేటప్పుడు ఒక కొత్త అలవాటు. ముందు నేను మా అమ్మ కాలు ఒళ్ళో పెట్టుకుని తిప్పి చూస్తాను. వేళ్ళసందులు, మడమ, అరికాలు. తరువాతే పసుపు. మొదట్లో, "నీకెందుకే నా కాళ్ళ సంగతి?" అని కాలు లాక్కునేది. ఇప్పుడు శుక్రవారం పొద్దున్నే తనే కాలు చాపి కూర్చుంటుంది.

ఈ శుక్రవారం మీరూ ఒకసారి చూడండి.